జట్టు చదరంగంలో డ్రా: మంత్రి బంటు ఆరంభాలు, దోహా పోటీలు

చదరంగంలో ఎవరికీ ఆటకట్టు సాధ్యపడని స్థితి ఏర్పడినప్పుడో, ఆటగాళ్లిద్దరూ సమ్మతించినప్పుడో పాయింటును చెరిసగం పంచి ఆటను ముగిస్తారు. దీన్ని డ్రా అంటారు. ఎవరికి వారే ఆడే పోటీలో ఈ అర పాయింటు విలువ ఎవరి ఖాతాలోనైనా ఒకటే. జట్టు చదరంగంలో సాధారణంగా ఒక దేశం తరఫున నలుగురు నాలుగు బోర్డుల మీద ఒకేసారి కూర్చుని అవతలి దేశపు నలుగురితో తలపడతారు కాబట్టి, ఒక బోర్డు మీద కుదిరిన డ్రా విలువ మిగిలిన మూడు బోర్డులను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. ఆధిక్యంలో ఉన్న జట్టుకు అది మ్యాచిని చేతిలో పెడుతుంది. వెనుకబడిన జట్టుకు ఓటమిని ఖాయం చేస్తుంది. ఇటువంటి డ్రాలకు తరతరాలుగా ఆధారమైన ఆరంభాలలో ముఖ్యమైనది మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు నడిపి మొదలుపెట్టే సాంప్రదాయిక పద్ధతి, అందులోనూ క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ అనే శాఖ. ఖతార్ రాజధాని దోహాకు ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఉంది. ఆసియా క్రీడల్లో చదరంగాన్ని తొలిసారి ప్రవేశపెట్టింది 2006లో ఆ నగరంలోనే. అక్కడ జట్టు స్వర్ణం గెలిచిన భారత బృందంలో ఇద్దరు తెలుగువారు.

డ్రా కుదిరే మార్గాలు

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నిబంధనల ప్రకారం డ్రా పలు విధాలుగా వస్తుంది. ఆడవలసిన పక్షానికి చెల్లుబాటయ్యే ఎత్తు ఒక్కటీ లేకుండా, అలాగని రాజుకు చెక్ కూడా లేకుండా పోతే అది స్టేల్‌మేట్. రెండు పక్షాల వద్దా మిగిలిన బలంతో ఏ విధంగానూ ఆటకట్టు సాధ్యం కాకపోతే, ఉదాహరణకు బోర్డు మీద రాజులిద్దరే మిగిలితే, ఆట అక్కడికక్కడే ముగుస్తుంది. ఒకే స్థితి మూడుసార్లు ఏర్పడినా, యాభై ఎత్తుల పాటు ఏ బంటూ కదలక ఏ పావూ పోకపోయినా ఆటగాడు డ్రా కోరవచ్చు. అదే స్థితి అయిదుసార్లు వస్తే, లేదా డెబ్బై అయిదు ఎత్తులు అలా గడిచిపోతే ఎవరూ కోరకపోయినా నిర్ణేత ఆటను ఆపేస్తాడు. వీటన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది పరస్పర అంగీకారం: ఆటగాడు తన ఎత్తు వేసి, గడియారం మీట నొక్కేలోగా ప్రత్యర్థికి డ్రా ప్రతిపాదిస్తాడు, ప్రత్యర్థి చేయి కలిపితే ఆట ముగిసినట్టే. ప్రతిపాదనను నోటితో తిరస్కరించనక్కరలేదు, తన ఎత్తు తాను వేస్తే చాలు, అది తిరస్కారమే అవుతుంది.

మంత్రి బంటు ఆరంభం: పుట్టుక, నిర్మాణం

పాశ్చాత్యులు క్వీన్ అనే పావును తెలుగు ఆటలో మంత్రి అంటారు. రాజు పక్కన నిలిచి, ఎటైనా ఎంత దూరమైనా నడిచే పావు అది. దాని ముందున్న బంటును డి4 గడికి నడిపితే అది మంత్రి బంటు ఆరంభం. నల్లపావుల పక్షం కూడా తన మంత్రి బంటును డి5కు తెచ్చాక తెల్లపావులు పక్క బంటును సి4కు తెస్తే, ఆ బంటును ఎరగా చూపి ప్రత్యర్థి కేంద్ర బంటును పక్కకు లాగే ఆ పన్నాగాన్ని క్వీన్స్ గాంబిట్ అంటారు. నిజానికి ఇది పూర్తి త్యాగం కాదు, నల్లపావులు ఆ బంటును తీసుకున్నా సాధారణంగా తెల్లపావులు దాన్ని తిరిగి రాబట్టుకుంటాయి. ఈ ఆరంభం ప్రస్తావన 15వ శతాబ్ది చివరినాటి గొట్టింగెన్ రాతప్రతిలోనే ఉంది. 18వ శతాబ్దిలో దీన్ని ఐరోపాలో గట్టిగా సమర్థించినవాడు సిరియాలోని అలెప్పోలో పుట్టిన ఫిలిప్ స్టామా. 1737లో పారిస్‌లో పుస్తకం ప్రచురించిన ఈ అరబ్బు ఆటగాడి కారణంగా కొంతకాలం దీన్ని అలెప్పో గాంబిట్ అని కూడా పిలిచారు. క్వీన్స్ గాంబిట్‌ను వియన్నా, బెర్లిన్ పండితుల సొత్తుగా మాత్రమే చెప్పే చరిత్రల్లో ఈ అలెప్పో అధ్యాయానికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

ఎరను తీసుకోకుండా నల్లపావులు ఇ6 బంటుతో డి5కు దన్ను ఇచ్చి నిలబడితే అది క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్. ఈ ఒక్క ఎత్తులో నల్లపావుల లాభమూ నష్టమూ రెండూ ఉన్నాయి. కేంద్రం గట్టిపడుతుంది, రాజు వైపు శకటు బయటికి రావడానికి దారి ఏర్పడుతుంది, కోట కట్టడం, అంటే రాజును ఏనుగు వైపు జరిపి భద్రపరచడం, తేలికవుతుంది. కానీ సి8లో ఉన్న రెండో శకటు సొంత బంటుల వెనుకే చిక్కుకుపోతుంది. ఈ చిక్కుబడిన శకటును ఎలా బయటికి తేవాలన్న ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు ఆటగాళ్లు చెప్పిన జవాబులే ఈ ఆరంభపు శాఖలన్నీ అనవచ్చు. టార్టకోవర్ పద్ధతిలో బి6 ఆడి శకటును బి7 వైపు పంపుతారు. లాస్కర్ పద్ధతిలో గుర్రాన్ని ఇ4కు దూకించి రెండు జతల పావులను మార్పిడి చేసి ఊపిరి పీల్చుకుంటారు. అమెరికాలో 1904లో జరిగిన పోటీ పేరుతో నిలిచిన కేంబ్రిడ్జ్ స్ప్రింగ్స్ పద్ధతిలో మంత్రిని ఎ5కు తెచ్చి ఎదురు ఒత్తిడి పెడతారు.

కాపబ్లాంకా పేరుతో ప్రసిద్ధమైన విడుదల పద్ధతిని ఎత్తు ఎత్తుగా చూస్తే ఈ ఆరంభానికి డ్రాతో ఉన్న చుట్టరికం స్పష్టమవుతుంది. తెల్లపావులు గుర్రాన్ని సి3కు, శకటును జి5కు తెస్తాయి. నల్లపావులు గుర్రాన్ని ఎఫ్6లో, శకటును ఇ7లో నిలిపి కోట కడతాయి. రెండో గుర్రాన్ని డి7కు తెచ్చి, బంటును సి6కు జరుపుతాయి. తెల్లపావుల శకటు డి3కు వచ్చిన వెంటనే, అంతవరకూ ఆగి ఉన్న నల్లపావులు సి4 బంటును తీసుకుంటాయి. ఆ శకటు తిరిగి సి4లో తీయవలసి వచ్చి ఒక ఎత్తు వృథా అవుతుంది. ఆ తర్వాత నల్లగుర్రం డి5కు దూకుతుంది, జి5, ఇ7 శకట్లు మారిపోతాయి, గుర్రం సి3లోని గుర్రాన్ని తీసుకుంటే ఏనుగు తిరిగి తీసుకుంటుంది, పన్నెండో ఎత్తుగా నల్లపావులు ఇ5 ఆడతాయి. అక్కడ తెల్లపావులు మార్పిడిని కొనసాగిస్తే పద్నాలుగు ఎత్తులు ముగిసేసరికి ఇరుపక్షాల గుర్రాలూ రెండేసి, శకట్లలో ఒక్కొక్కటి, బంట్లు రెండేసి బోర్డు దిగిపోయి, చెరొక మంత్రి, రెండేసి ఏనుగులు, ఒకే రంగు గళ్ల మీద నడిచే చెరొక శకటు, ఆరేసి బంట్లు మిగులుతాయి. చిక్కుబడిన శకటుకు దారి తెరుచుకుంది. తెల్లపావులకు మిగిలింది ఎఫ్4తో ముందుకు తోసే కొద్దిపాటి చొరవ మాత్రమే. ఇంత సమతూకంగా మిగిలిన స్థితిలో గ్రాండ్‌మాస్టర్ స్థాయిలో ఓడిపోవాలంటే ఎవరో ఒకరు పెద్ద పొరపాటే చేయాలి.

ఈ పద్ధతి ఎంత బలమైనదో 1927లో బ్వేనస్ ఎయిరెస్‌లో అలెఖైన్, కాపబ్లాంకాల మధ్య జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ చూపింది. మొత్తం 34 ఆటల్లో రెండు తప్ప అన్నీ క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ ఆటలే. అందులో పాతిక డ్రా అయ్యాయి, ఆరు గెలిచి మూడు ఓడిన అలెఖైన్ కిరీటం అందుకున్నాడు. చదరంగానికి డ్రాలతోనే అంతం వస్తుందన్న భయం ఆ రోజుల్లో బలంగా వినిపించింది, ఆ భయాన్ని కాలం నిజం చేయలేదు.

ఈ ఆరంభం ఊరికే కూర్చుంటే డ్రా తెచ్చిపెట్టే యంత్రమని భావించడం పొరపాటు. డి7కు గుర్రం వచ్చిన స్థితిలో తెల్లపావులు ముందుగా డి5లో బంట్లు మార్చుకుని, ఎఫ్6లోని నల్లగుర్రం శకటు గురిలో చిక్కి కదలలేదని నమ్మి, తమ గుర్రంతో డి5 బంటును తీస్తే, నల్లగుర్రం తన మంత్రిని వదిలేసి ఆ గుర్రాన్ని తీస్తుంది. తెల్లశకటు మంత్రిని తీసుకోగానే నల్లశకటు బి4లో చెక్ ఇస్తుంది. అడ్డుకోవడానికి తెల్లమంత్రి డి2కు రావడం తప్ప మార్గం లేదు. మార్పిడులన్నీ ముగిసేసరికి తెల్లపావులు ఒక బంటుకు బదులు ఒక గుర్రం పోగొట్టుకుంటాయి. ఎలిఫెంట్ ట్రాప్ అని పేరున్న ఈ ఉచ్చు చదరంగం నేర్చుకునే పిల్లలకు తొలినాళ్లలోనే చెప్పే పాఠం. గెలుపు కోసం ఆడేవారికి ఎక్స్‌ఛేంజ్ పద్ధతి ఉంది: డి5లో బంట్లు మార్చుకున్నాక తెల్లపావులు బి బంటును బి4, బి5 గళ్లకు నడిపి, సి6లోని నల్లబంటును బలహీనపరుస్తాయి. తక్కువ బంట్లున్న వైపు నుంచే దాడి మొదలవుతుంది కాబట్టి దీన్ని మైనారిటీ దాడి అంటారు. చెన్నైలో పెరిగిన తెలుగు కుటుంబపు గుకేశ్ 2024లో సింగపూర్‌లో డింగ్ లిరెన్ మీద ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో తన తొలి గెలుపును, మూడో ఆటలో, ఈ ఎక్స్‌ఛేంజ్ నిర్మాణంతోనే సాధించాడు. లాస్కర్ పద్ధతి పేరు వినగానే డ్రా గుర్తుకొచ్చినా, 2010లో సోఫియాలో టోపలోవ్‌తో చివరిదైన పన్నెండో ఆటలో నల్లపావులతో విశ్వనాథన్ ఆనంద్ దాన్నే ఆడి గెలిచి కిరీటం నిలుపుకున్నాడు.

జట్టు లెక్క, కెప్టెన్ మాట

దేశాల జట్లు తలపడే ఒలింపియాడ్ మ్యాచిలో ఒక జట్టు మొదటి, మూడో బోర్డుల్లో తెల్లపావులతో, రెండు, నాలుగో బోర్డుల్లో నల్లపావులతో ఆడుతుంది. అవతలి జట్టుకు తలకిందులుగా ఉంటుంది. గెలవడానికి రెండున్నర పాయింట్లు చాలు. అంటే ఒక్కరు గెలిచి ముగ్గురు డ్రా చేసినా మ్యాచి గెలిచినట్టే. ఈ సాదా లెక్క నుంచే జట్టు వ్యూహం పుడుతుంది: తెల్లపావులున్న రెండు బోర్డుల్లో గెలుపు కోసం ఒత్తిడి పెట్టడం, నల్లపావులున్న రెండింటిలో గోడలా నిలబడడం. నల్లపావులతో నిలబడాలనుకునే ఆటగాడికి ఎదుటివాడు డి4 ఆడితే క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ తొలి ఎంపికల్లో ఒకటి కావడానికి కారణం ఇదే. కింగ్స్ ఇండియన్ వంటి పదునైన ఆరంభాలు గెలుపు అవకాశాలను పెంచినా, వాటిలో ఓటమి ప్రమాదమూ దాదాపు అంతే ఉంటుంది.

పాయింట్లు లెక్కించే పద్ధతి మారడంతో డ్రా విలువ కూడా మారింది. 2006 టురిన్ ఒలింపియాడ్ వరకు జట్ల స్థానాలు ఆటల పాయింట్ల మొత్తం మీద నిర్ణయమయ్యేవి. అప్పుడు నాలుగు సున్నాతో గెలవడం రెండున్నర, ఒకటిన్నరతో గెలవడం కన్నా చాలా ఎక్కువ. బలహీన జట్టుతో ఆడేటప్పుడు ఒక్క డ్రా కూడా నష్టంగానే తోచేది. 2008 డ్రెస్డెన్ ఒలింపియాడ్ నుంచి మ్యాచి పాయింట్లు వచ్చాయి: గెలిచిన జట్టుకు రెండు, సమానమైతే ఒకటి, ఓడితే సున్నా. గెలుపు ఎంత తేడాతో వచ్చిందన్నది స్థానాలు సమానమైనప్పుడు మాత్రమే అక్కరకొస్తుంది. ఈ మార్పు తర్వాత, పక్క బోర్డులో సహచరుడు గెలుస్తున్నాడని తెలిసిన ఆటగాడు తన సుఖమైన స్థితిలో కూడా డ్రాకు ఒప్పుకోవడం తెలివైన పని అయింది. ఆటగాడి పట్టికలో అర పాయింటుగా నమోదయ్యే ఆ ఫలితం జట్టుకు పూర్తి మ్యాచి పాయింట్లు తెచ్చిపెట్టవచ్చు. వ్యక్తిగత గణాంకాలను మాత్రమే చూసి జట్టు ఆటగాళ్లను అంచనా వేయడం అందువల్ల సరికాదు.

జట్టు చదరంగంలో మరో విశేషం కెప్టెన్ పాత్ర. ఆట జరుగుతుండగా ఆటగాడికి బయటి సలహా ఇవ్వడం చదరంగంలో నేరం. అయినా జట్టు పోటీల్లో కెప్టెన్ తన ఆటగాడికి డ్రా ప్రతిపాదించమనో, ప్రతిపాదనను ఒప్పుకొమ్మనో, ఓటమి అంగీకరించమనో చెప్పవచ్చు. ఆ సలహా మ్యాచి పరిస్థితిని బట్టి ఉండాలి తప్ప బోర్డు మీది స్థితి గురించి ఒక్క మాట ఉండకూడదు. డ్రా ప్రతిపాదన వచ్చిన ఆటగాడు లేచి కెప్టెన్‌ను అడగడం, కెప్టెన్ మిగిలిన మూడు బోర్డుల వైపు ఒకసారి చూసి రెండు ముక్కల్లో జవాబివ్వడం ఒలింపియాడ్ హాళ్లలో పరిపాటి. మూడు బోర్డుల స్థితిని కొన్ని క్షణాల్లో తూచి చెప్పవలసిన ఆ రెండు ముక్కలు తప్పితే గంటల కష్టం వృథా కావచ్చు.

దోహా, తెలుగు ఆటగాళ్లు

దోహా నగరం నడుమ, ముషైరిబ్‌కు చేరువలో ఉన్న పాత పేటలలో అల్ దోహా అల్ జదీదా ఒకటి. ఇరుకు వీధులు, అద్దె గదులతో కిక్కిరిసిన ఈ ప్రాంతంలో దక్షిణాసియా నుంచి వచ్చి పనులు చేసుకునేవారు పెద్ద సంఖ్యలో ఉంటారు. గల్ఫ్ వలసలకు పేరుపడిన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి ప్రాంతాల తెలుగువారికి ఇటువంటి దోహా పేటలు కొత్త కావు. 2019 మేలో నడవడం మొదలైన దోహా మెట్రో రెడ్ లైనులో ముషైరిబ్, ఉమ్ గువైలినా స్టేషన్ల మధ్య ఈ పేట పేరుతోనే స్టేషను ఉంది. అదే లైను మీద ఉత్తరానికి వెళితే ఖతార్ విశ్వవిద్యాలయం, ఆ తర్వాత లుసైల్ వస్తాయి. ఖతార్ చదరంగ చరిత్రలో ఇటీవలి పెద్ద పోటీలు రెండు ఆ వైపే జరిగాయి: 2023 ఖతార్ మాస్టర్స్ లుసైల్‌లోను, 2025 డిసెంబరు చివరి వారంలో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ చాంపియన్‌షిప్‌లు విశ్వవిద్యాలయ క్రీడా ప్రాంగణంలోను.

అంతకు చాలా ముందే ఖతార్ చదరంగంలో పేరు తెచ్చుకుంది. ఆ దేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ మొహమ్మద్ అల్ ముదైహికి; ఆయనను పెళ్లాడిన చైనా క్రీడాకారిణి ఝు చెన్ 2001లో మహిళల ప్రపంచ చాంపియన్ అయి, తర్వాత ఖతార్ జెండా కింద ఆడింది. ఖతార్ మాస్టర్స్ 2014లో మొదలైంది; ఆ ఏడు యు యాంగ్యీ, మరుసటేడు మాగ్నస్ కార్ల్‌సన్ గెలిచారు. 2016 ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు కూడా దోహాలోనే జరిగాయి.

తెలుగు పాఠకుడికి ముఖ్యమైనది 2006 డిసెంబరు. ఆసియా క్రీడల చదరంగం పోటీలు అల్ దానా బాంక్వెట్ హాలులో జరిగాయి. స్త్రీ, పురుష ఆటగాళ్లు ఒకే జట్టుగా దీర్ఘ సమయపు ఆటలు ఆడే మిశ్రమ జట్టు విభాగంలో చెన్నైకి చెందిన కృష్ణన్ శశికిరణ్, గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి కలిసి భారత్‌కు స్వర్ణం తెచ్చారు. ఆసియా క్రీడల్లో చదరంగానికి ఇచ్చిన మొదటి జట్టు స్వర్ణం అదే. హంపి దానికి తోడు మహిళల వ్యక్తిగత ర్యాపిడ్ స్వర్ణాన్ని కూడా గెలిచింది. అప్పటికి హరికృష్ణకు ఇరవై ఏళ్లు, హంపికి ఇంకా ఇరవై నిండలేదు. హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్ అయ్యాడు, హంపి 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ హోదా పొంది, అంతకుముందు యూదిత్ పోల్గార్ పేరిట ఉన్న మహిళల రికార్డును చెరిపేసింది. మంత్రి బంటును డి4కు నడిపి ఆట మొదలుపెట్టడం హంపికి మొదటి నుంచి ఇష్టమైన పద్ధతి. తెల్లపావులతో ఆమె ఆటలో కనిపించేది నిదానమైన ఒత్తిడి: ప్రత్యర్థి స్థితిలో ఒక్క బలహీన గడి కోసం వెతకడం, అది దొరకకపోతే నష్టం లేకుండా డ్రాతో లేవడం. కొద్ది బోర్డులే ఉండే మిశ్రమ జట్టుకు ఇటువంటి క్రీడాకారిణి విలువ పెద్ద జట్టులో కన్నా ఎక్కువ. మూడు బోర్డులున్న చోట ఒక గెలుపు, రెండు డ్రాలు చేరితే మ్యాచి చేతికొస్తుంది, ఒక్క ఓటమి ఆ గెలుపును తుడిచేస్తుంది.

ఆసియా క్రీడల్లో ఆ తర్వాత జట్టు పతకాలు అంత సులువుగా రాలేదు. 2010 గ్వాంగ్‌ఝౌలో హరికృష్ణ ఉన్న పురుషుల జట్టు కాంస్యంతో తిరిగి వచ్చింది, గుంటూరుకే చెందిన ద్రోణవల్లి హారిక మహిళల వ్యక్తిగత కాంస్యం గెలిచింది. ఆ తర్వాత రెండుసార్లు చదరంగం ఆసియా క్రీడల్లో లేదు. 2023లో హాంగ్‌ఝౌలో మళ్లీ వచ్చినప్పుడు పురుషుల జట్టులో హరికృష్ణ, వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేశి, గుకేశ్, మహిళల జట్టులో హంపి, హారిక ఆడారు. రెండు జట్లూ రజతం దగ్గర ఆగాయి. 2025 చివర దోహాలో జరిగిన ప్రపంచ పోటీల్లో అర్జున్ ర్యాపిడ్, బ్లిట్జ్ రెండింటిలోను, హంపి మహిళల ర్యాపిడ్‌లోను కాంస్యాలు సాధించారు. అవి జట్టు పోటీలు కావు గనక ఇక్కడ ఆ ప్రస్తావన చాలు.

బుడాపెస్ట్ 2024: నాలుగు బోర్డులు, నాలుగు డ్రాలు

జట్టు చదరంగంలో డ్రా ఎలా పనిచేస్తుందో ఇటీవలి కాలంలో అన్నిటికన్నా బాగా చూపినది 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో జరిగిన 45వ ఒలింపియాడ్. శ్రీనాథ్ నారాయణన్ కెప్టెన్‌గా గుకేశ్, ప్రజ్ఞానంద, అర్జున్, విదిత్ గుజరాతీ, హరికృష్ణలతో ఆడిన భారత జట్టు ఓపెన్ విభాగంలో దేశానికి తొలి స్వర్ణం తెచ్చింది. ఏడో రౌండులో చైనాతో జరిగిన మ్యాచి పైన చెప్పిన లెక్కకు అచ్చమైన ఉదాహరణ. ప్రజ్ఞానంద యు యాంగ్యీతో, అర్జున్ బు షియాంగ్‌ఝీతో, హరికృష్ణ వాంగ్ యుయేతో డ్రా చేసుకోగా, మొదటి బోర్డులో గుకేశ్ సుదీర్ఘ పోరాటం తర్వాత వెయ్ యీని ఓడించాడు. ఫలితం రెండున్నర, ఒకటిన్నర. పేపర్లలో పెద్దక్షరాలు గుకేశ్‌కు దక్కాయి, న్యాయమే. అయితే మిగిలిన మూడింటిలో ఏ ఒక్కటి ఓడినా ఆ గెలుపు మ్యాచిని సమానం చేయడానికి మాత్రమే సరిపోయేది. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ల హరికృష్ణ ఆ ఒలింపియాడ్‌లో ఆడిన కొద్ది ఆటల్లో ఇదొకటి. దోహా స్వర్ణం నాటికి జట్టు పడుచువాళ్లలో ఒకడైన ఆయన, బుడాపెస్ట్ జట్టులో అందరికన్నా పెద్దవాడు.

ఎనిమిది మ్యాచిలూ గెలిచి వచ్చిన భారత్‌ను తొమ్మిదో రౌండులో ఉజ్బెకిస్తాన్ నిలవరించింది. నాలుగు బోర్డులూ డ్రా అయి మ్యాచి రెండు, రెండుతో ముగిసింది. అది ఓటమి కాదు, గెలుపూ కాదు. ఆధిక్యంలో ఉన్న జట్టుకు మాత్రం, వెనుక తరుముతున్న బలమైన ప్రత్యర్థి ముందుకు రాకుండా ఆపినంత లాభం. మరుసటి రౌండులో అమెరికా మీద గుకేశ్ కరువానాను, అర్జున్ డొమింగెజ్‌ను ఓడించగా, ప్రజ్ఞానంద ఓడి, విదిత్ అరోనియన్‌తో డ్రా చేయడంతో మ్యాచి మళ్లీ రెండున్నర, ఒకటిన్నరతో భారత్ వశమైంది. విదిత్ చేసిన ఆ డ్రా లేకపోతే లెక్క సమానంగా తేలేది. చివరికి 22 మ్యాచి పాయింట్లలో 21 భారత్‌వి. రజతం, కాంస్యం గెలిచిన అమెరికా, ఉజ్బెకిస్తాన్‌లకు పదిహేడేసి. మూడో బోర్డులో పదకొండు ఆటలూ ఆడిన అర్జున్ తొమ్మిది గెలిచి రెండు డ్రా చేశాడు, ఆ రెండూ చైనా, ఉజ్బెకిస్తాన్ మ్యాచిల్లోనివే. అదే ఒలింపియాడ్‌లో హారిక ఉన్న మహిళల జట్టు కూడా స్వర్ణం గెలిచింది.

వర్నా 1962

జట్టు పోటీలో మంత్రి బంటుతో మొదలై డ్రాగా ముగిసిన ఆటల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది 1962లో బల్గేరియాలోని వర్నా ఒలింపియాడ్‌లో సోవియట్ యూనియన్, అమెరికా మ్యాచిలో అప్పటి ప్రపంచ చాంపియన్ బోత్విన్నిక్, పందొమ్మిదేళ్ల బాబీ ఫిషర్ ఆడినది. ఆరంభం గ్రున్‌ఫెల్డ్, అంటే డి4తో మొదలైనా సాంప్రదాయిక శాఖ కాదు. బోత్విన్నిక్ ఇంట్లో సిద్ధం చేసుకొచ్చిన పథకాన్ని ఫిషర్ పదిహేడో ఎత్తుగా మంత్రితో ఎఫ్4 గడిలో తీసి బోర్డు మీదే భగ్నం చేశాడు, ఒక బంటు లాభంతో ఏనుగుల ముగింపు దశకు చేరాడు. ఆనాటి పద్ధతి ప్రకారం ఆట వాయిదా పడింది. రాత్రంతా సోవియట్ జట్టు ఆ స్థితిని తిరగేసింది, అందులో గెల్లర్ కనిపెట్టిన ఎదురు మార్గం మరునాడు బోత్విన్నిక్‌ను ఒడ్డున పడేసింది. ఆట 68 ఎత్తుల్లో డ్రా అయింది. తాను గెలిచి ఉండవలసిన ఆట అని ఫిషర్ తన పుస్తకంలో వాదించాడు. ఏళ్ల తర్వాత బోత్విన్నిక్ తన శిష్యుల ముందు ఆ స్థితిని పెట్టినప్పుడు పదమూడేళ్ల కాస్పరోవ్ ఆ వాదనకు ఎదురుగా డ్రా దారి చూపాడు. ఒంటరి పోటీలోనూ వాయిదా పడ్డ ఆటలను ఇతరులతో కలిసి విశ్లేషించేవారు కానీ, ఒకరి అర పాయింటు కోసం ఒక దేశపు జట్టంతా నిద్ర మానుకునేది ఒలింపియాడ్‌లోనే.

త్వరిత డ్రాల మీద ఆంక్షలు

ఆటగాళ్లు పోరాడకుండా పదిహేను, ఇరవై ఎత్తుల్లో చేతులు కలిపి లేచిపోవడం ప్రేక్షకులకూ నిర్వాహకులకూ తలనొప్పిగా ఉండేది. 2005లో సోఫియాలో ఎంటెల్ మాస్టర్స్ పోటీ ఆటగాళ్లు నేరుగా డ్రా మాట్లాడుకోకూడదన్న నిబంధన పెట్టింది. ఆ నగరం పేరుతోనే అది సోఫియా నిబంధనగా స్థిరపడింది. ఒలింపియాడ్‌లలో అంత కఠినంగా కాకుండా, ముప్పై ఎత్తులు పూర్తయ్యే వరకు అంగీకారపు డ్రా కుదరదన్న పరిమితి వచ్చింది. మొదటి నలభై ఎత్తులకు తొంభై నిమిషాలు, మిగిలిన ఆటకు మరో అరగంట, ప్రతి ఎత్తుకూ అదనంగా ముప్పై సెకన్లు ఇచ్చే ఒలింపియాడ్ గడియారం కింద ముప్పై ఎత్తులంటే సాధారణంగా రెండు గంటల పైమాటే. అయితే ఈ పరిమితి పరస్పర అంగీకారానికే తప్ప స్థితి పునరావృతానికి వర్తించదు. క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ వంటి నిలకడైన స్థితుల్లో ఇద్దరూ సరేననుకుంటే శకటును, మంత్రిని అటూ ఇటూ జరిపి ఒకే స్థితిని మూడుసార్లు తెచ్చుకోవడం కష్టం కాదు. ఆ దారిలో వచ్చిన డ్రాను నిర్ణేత కాదనలేడు. జట్టు కెప్టెన్లకు ఈ వెసులుబాటు బాగా తెలుసు, అవసరమైన రోజున వాడుకుంటారు.